మా ఊరి పటంలో దుబాయి



నేనుండేది షార్జాలో. మాది జగిత్యాల దగ్గర పల్లె. మస్కట్ వెళ్ళినా, కువైట్ వెళ్ళినా మావాళ్ళు "దుబాయి పోయిండు" అనే అంటారు. ఇక్కడ నాతో పనిచేసే ఎమిరాతీ పెద్దాయనకేమో తెలంగాణ ఎక్కడుందో తెలియదు. బొంబాయి గురించి మాత్రం వాళ్ళ తాత చెప్పిన సంగతులు గంటలకొద్దీ చెబుతాడు. మరి భూగోళం ఎవరికి బాగా తెలిసినట్టు?

దీనికి జవాబు చరిత్రలో ఉందనిపిస్తుంది నాకు. ఈ తీరంలో దొరికిన ముత్యాలకి పెద్ద బజారు బొంబాయే. 1909లో దుబాయిలో తెరిచిన మొదటి పోస్టాఫీసు భారత తపాలా శాఖది. ఇక్కడ చెల్లింది కూడా మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం విడిగా నోట్లు అచ్చువేసింది. అవి 1966 దాకా నడిచాయి. అలాంటప్పుడు బొంబాయి తెలియకుండా ఎలా ఉంటుంది? 1930ల నాటికి జపాను పెంపకపు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. అలా జపాను పేరు ఇక్కడికి కష్టంతోపాటు వచ్చింది.

బతుకుతెరువు తరవాత బడి. మా బాపు చదువుకున్న రోజుల్లో యు.ఏ.ఇ. అనే దేశమే లేదు. అది ఏర్పడింది 1971 డిసెంబరు 2న. లేని దేశాన్ని పంతులు ఎలా చూపిస్తాడు? ఇప్పటికీ ఇదే సముద్రాన్ని ఇరాన్ బడుల్లో పర్షియన్ గల్ఫ్ అంటారు, ఇక్కడి బడుల్లో అరేబియన్ గల్ఫ్ అంటారు. ఏ దేశం పిల్లలు ఆ దేశం పటమే నేర్చుకుంటారు.

చమురు డబ్బుతో ఇక్కడ పనులు మొదలయ్యాక మా పల్లెలకి అందింది పటం కాదు, ఒక్క మాట: దుబాయి. జీతమెంతో, ఏజెంటుకి ఎంతివ్వాలో అందరికీ తెలుసు. సరిహద్దులు తెలిసినవాళ్ళు లేరు.

మా చిన్నబాపుని కూడా దుబాయి అనే పంపించాం. విమానం దిగింది రియాద్‌లో. వీసా కాగితం మాలో ఎవరికీ చదవరాలేదు. ఉత్తరం వచ్చేదాకా రెండు నెలలపాటు, దుబాయిలో ఉన్న ఊరివాళ్ళచేత ఆయన్ని వెతికించాం. ఆయన మాత్రం వేరే దేశంలో, వేరే చట్టం కింద, వేరే ఎంబసీ దిక్కుగా ఉన్నాడు.

అందుకే ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక పటం పట్టుకెళ్ళండి. బయల్దేరే కుర్రాణ్ణి జీతమెంతని అడిగేముందు, వీసా మీద ఏ దేశం పేరుందో చదివించి, దాన్ని పటంలో వేలు పెట్టి చూపించమనండి.