పూటకూళ్ల ఇంటి నుంచి స్విగ్గీ దాకా: ఎవరి చేతి కూడు?



పోయిన వారం విజయనగరంలో ఒకటే వాన. వండుకునే ఓపిక లేక ఫోన్లో బిరియానీ ఆర్డర్ పెట్టాను. అరగంటకి తలుపు కొట్టిన కుర్రాడు హెల్మెట్ తీయకుండానే "సార్, మీరా!" అన్నాడు. నాలుగేళ్ల కిందట నా క్లాసులో 'కన్యాశుల్కం' చదువుకున్నవాడు. శ్రీకాకుళం జిల్లా, మన పేట పిల్లాడే. లోపలికి రమ్మంటే "లేటైపోతాది సార్, ఇంకో ఆర్డరుంది" అన్నాడు. పని ఎలా ఉందిరా అని అడిగాను. "ఒక్క సుఖముంది సార్. కులం ఎవులూ అడగరు. యాప్‌లో ఇంటిపేరు కనపడదు కదా" అని నవ్వి, వానలోకి బండి తిప్పేశాడు.

ఆ మాటే రాత్రంతా బుర్రలో తిరిగింది. డబ్బులిచ్చి బయటి కూడు తినడానికి మన ప్రాంతంలో ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఈ పిల్లాడు ఎక్కడ నిలబడ్డాడో చూద్దాం.

'కన్యాశుల్కం' 1892లో ఇదే విజయనగరంలో మొదటిసారి ఆడారు. అందులో పూటకూళ్లమ్మ గుర్తుందా? పూటకి ఇంత అని తీసుకుని అన్నం పెట్టే బ్రాహ్మణ వితంతువు. ఆమె కూడు తిని, ఆమె డబ్బే ఎగ్గొట్టినవాడు గిరీశం. చీపురు పట్టుకుని వాడి కోసం మధురవాణి ఇంటికి వచ్చే సన్నివేశం చూసి అందరం నవ్వుతాం. క్లాసులో నేను ఇంకో ప్రశ్న కూడా వేస్తాను. అన్నం అమ్ముకుని బతికే ఆ ఆడమనిషి బ్రాహ్మణ వితంతువే ఎందుకైంది? బ్రాహ్మణ చేతి వంట ఏ కులంవాడైనా తింటాడు గనక. మన అమ్మమ్మలకూ భర్తలు పోయారు, మన అమ్మమ్మలూ వంట చేశారు. వాళ్లలో ఎవరూ పూటకూళ్ల ఇల్లు పెట్టలేదు. పెట్టినా మెట్టు ఎక్కేవాడెవడు? ఊడ్చి, కోసి, నూర్చి ఇచ్చిన ధాన్యం మన చేతి మీదుగానే వాళ్ల గాదెల్లోకి వెళ్లింది. అన్నంగా ఉడికాక మాత్రం మన చేయి తగలకూడదు.

పూటకూళ్ల ఇళ్ల తర్వాత కాఫీ హోటళ్లు వచ్చాయి. కులం కూడా వాటితో పాటు లోపలికి వచ్చి కూర్చుంది. మద్రాసు రాష్ట్రంలో రైల్వే స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మణులకి వేరే చోటుండేది. పెరియార్ ఉద్యమం పోరాడితే 1941లో అది పోయింది. మన పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి అంతకంటే చాలా కాలం బతికింది. చూరులో దోపిన గ్లాసు తీసుకుని, బయట నిలబడి తాగి, కడిగి మళ్లీ అక్కడే పెట్టడం మా నాన్నకి బాగా గుర్తు.

రాజ్యాంగంలో 15(2) అధికరణం తీసి చదవండి. దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలు అని పేర్లు పెట్టి మరీ రాశారు. అంబేడ్కర్‌కి హోటలు గుమ్మం ఎంత ఎత్తుంటుందో తెలుసు. 1955 చట్టం హోటల్లోకి రానివ్వకపోవడాన్ని నేరం చేసింది. వీటితో మనకి కూర్చుని తినే హక్కు వచ్చింది. వండి అమ్మితే కొనేవాడిని మాత్రం ఏ చట్టమూ తేలేదు. కొల్హాపూర్‌లో గంగారాం కాంబ్లే అనే అంటరాని మనిషి టీ హోటలు పెడితే ఎవరూ రాలేదు. శాహూ మహారాజ్ స్వయంగా వెళ్లి, అందరూ చూస్తుండగా అక్కడ టీ తాగాల్సి వచ్చింది. ఒక టీ కొట్టు నడవడానికి రాజు కావాల్సి వచ్చిందన్నమాట!

ఇక స్విగ్గీ దగ్గరికి వద్దాం. దాన్ని పెట్టిన ముగ్గురిలో ఒకరైన శ్రీహర్ష మాజేటి మన తెలుగువాడే, విజయవాడ. హోటలు నడిపిన ఇల్లు. బిట్స్ పిలానీ, ఐఐఎం కలకత్తా చదువులు. నందన్ రెడ్డితో కలిసి మొదట బండిల్ అనే కొరియర్ సేవ పెట్టి మూసేశారు. రాహుల్ జైమినీ తోడయ్యాక 2014 ఆగస్టులో బెంగళూరు కోరమంగళలో స్విగ్గీ మొదలైంది. జొమాటో అంతకుముందే, 2008లో, ఫుడీబే అనే పేరుతో మెనూ కార్డులు నెట్‌లో పెట్టే సైటుగా పుట్టింది. స్విగ్గీ చేసిన కొత్త పని ఏమిటంటే, తెచ్చిచ్చే మనుషుల్ని హోటలుకి వదలకుండా తనే పెట్టుకోవడం. అంటే ఆ వ్యాపారానికి పునాది వంట కాదు, మోత.

2016లో జియో వచ్చి డేటా చౌకైంది. విదేశీ పెట్టుబడి వెల్లువెత్తింది. 2023-24లో స్విగ్గీ ఆదాయం 11,247 కోట్లు, నష్టం 2,350 కోట్లు. అయినా 2024 నవంబరులో షేరు 390 రూపాయల ధరకి మార్కెట్‌కి వెళ్లి 11,327 కోట్ల ఇష్యూ తెచ్చింది. కోట్లు పోతున్నా దాన్ని ఎదుగుదలే అన్నారు. మన పేట ఆడమనిషి ఇడ్లీ బండి మీద రెండు వేలు పోతే మర్నాడు బండే ఉండదు. పోగొట్టుకునే తాహతు కూడా కులాన్ని బట్టే వస్తుంది.

పెట్టుబడితో పాటు ఆ వ్యాపారానికి చేతులు కావాలి. ఆ చేతులు ఎక్కడివి? మన రెండు జిల్లాల నుంచి విశాఖకి, హైదరాబాదుకి, చెన్నైకి రైలెక్కే చేతులు అందులో ఉన్నాయి. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో సాగు భూమి తగాదాలో అయిదుగురు దళితుల్ని చంపారు. భూమి అడిగితే చావు, డిగ్రీ చదివితే ఖాళీ చెయ్యి. బండీ, ఫోనూ ఉంటే చాలు, ఈ పని దొరుకుతుంది. పెట్రోలు మనది, బండి వాయిదా మనది, కాలు విరిగితే ఆ నొప్పీ మనదే. పేరు మాత్రం 'పార్ట్‌నర్'. ఉద్యోగి అంటే పీఎఫ్, ఈఎస్ఐ ఇవ్వాలి కదా!

నా విద్యార్థి చెప్పిన సుఖం అబద్ధం కాదు. మా నాన్నకి దొరకనిది వాడికి దొరికింది. అయితే ఆ సుఖం ఎంత పలచనిదో చూడండి. ఇంటిపేరు దాక్కుంటుంది, మొదటి పేరు దాక్కోదు. 2019లో హైదరాబాదులో ఒక కస్టమరు, తెచ్చినవాడు ముస్లిం అని స్విగ్గీ ఆర్డరు తీసుకోలేదు. 2024 మార్చిలో జొమాటో శాకాహారులకి ఆకుపచ్చ చొక్కాలతో వేరే దండు పెడతానంది. గోల లేచాక మర్నాడే చొక్కాలు వెనక్కి తీసుకుంది, వేరే దండుని మాత్రం ఉంచింది. డబ్బాకి సీలుంది గనక మన చేయి చెల్లుతోంది. రెండు గ్లాసుల బుద్ధి పోయిందని దానర్థం కాదు.

ఇప్పుడు ఫోన్ తీసి హోటళ్ల పేర్లు చూడండి. బ్రాహ్మిన్ టిఫిన్స్, రాజుగారి పలావు, రెడ్డిగారి మెస్. అక్కడ కులం రుచికి హామీ. మాలవారి మెస్, మాదిగవారి వంటిల్లు ఎక్కడైనా కనిపించిందా? చంద్రభాన్ ప్రసాద్ 2016లో 'దళిత్ ఫుడ్స్' అని పేరు పెట్టి పచ్చళ్లు, మసాలాలు అమ్మడం మొదలుపెట్టింది సరిగ్గా ఈ ప్రశ్న వేయడానికే. మోసే చోట కులం దాచుకుంటేనే బతుకు. అమ్మే చోట కులం చూపించుకుంటే లాభం, అదీ పై కులమైతేనే.

విద్యార్థులకీ కార్యకర్తలకీ రెండు మాటలు. గిగ్ కార్మికుల్ని గుర్తించిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఈ కార్మికుల నిధికి ఇవ్వాలి. మీ పేటలో బండి నడిపే ప్రతి పిల్లాడినీ ఈ-శ్రమ్‌లో నమోదు చేయించండి. సంఘం కట్టించండి. రెండోది, మన ఆడవాళ్ల చోడి అంబలి, ఎండు చేపల పులుసు మన పేరుతోనే అమ్మే చోటు ఒక్కటైనా పెట్టండి. మొదటి గిరాకీలం మనమే అవుదాం. మన దగ్గర శాహూ మహారాజ్ లేడు, మనమే పదిమంది కలిసి వెళ్లి కూర్చోవాలి.

మొన్న ఆదివారం ఆ పిల్లాడు మళ్లీ వచ్చాడు, ఈసారి డీఎస్సీ నోట్సు కోసం. హెల్మెట్ తీసి గుమ్మంలో పెట్టి, లోపలికొచ్చి కూర్చున్నాడు. ఇద్దరం ఒకే గిన్నెలో అన్నం వడ్డించుకుని తిన్నాం.

జై భీమ్.