పదమూడు ముక్కల చదువు

మన సాహిత్యంలో జూదం మాట రాగానే గుర్తొచ్చేది ద్రౌపది. భర్త ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా అని ఆమె అడిగిన ప్రశ్నకు నిండుసభలో జవాబు దొరకలేదు. జూదం కథల్లో స్త్రీ పందెంగా ఉంటుంది, లేదా ఓడినవాడి ఇంట్లో దుఃఖపడుతూ ఉంటుంది. ముక్కలు చేతపట్టుకుని కూర్చున్న ఆడమనిషి కోసం వెతికితే గురజాడ ‘కన్యాశుల్కం’లో మధురవాణి కనిపిస్తుంది. ఆమె మగవాళ్ళతో సమంగా కూర్చుని పేకాడుతుంది. వేశ్య కనుక ఆమెకు ఆ చోటు దొరికింది. సంసార స్త్రీలకు ఆ చాప మీద చోటెక్కడ?

నాకు రమ్మీ నేర్పింది మా పెద్దమ్మ. పీహెచ్‌డీ సిద్ధాంతవ్యాసం సమర్పించిన వేసవిలో గుంటూరు జిల్లాలోని వాళ్ళింట్లో నెలరోజులున్నాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురైదుగురు వచ్చేవాళ్ళు. పందెం చింతపిక్కలు.

రమ్మీ మన పాత ఆటేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మెక్సికోలో ఆడిన కాంకియన్ దీనికి పూర్వరూపమని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. ముక్కల పేర్లకు మాత్రం మన దగ్గర అంతకంటే పాత చరిత్ర ఉంది. కళావరు, ఆటీను అన్న మాటల్లో, పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నంలో స్థావరం పెట్టుకున్న డచ్చి వర్తకుల క్లావర్, హార్టెన్ ఇంకా వినిపిస్తాయి.

మనిషికి పదమూడు ముక్కలు. ఒకటి తీసుకోవాలి, ఒకటి పారెయ్యాలి. కనీసం రెండు సీక్వెన్సులు ఉండాలి, వాటిలో ఒకటి జోకరు లేకుండా కుదరాలి. అది కుదరనివాళ్ళు ఆట ఓడితే తక్కినవి ఎంత చక్కగా కలిసినా చేతిలోవన్నీ లెక్కకొస్తాయి. ఎనభై దాటినా ఎనభై దగ్గర ఆపుతారు. రాజుకీ రాణికీ జాకీకీ తలా పది పాయింట్లే. జోకరు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబడుతుంది, దాని విలువ సున్నా. ఇది విన్నప్పుడు నేను నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు. “మనం లేమూ, అట్టాగే” అని ముక్కలు పంచింది.

ఆమెకు ఆట ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వరండాలో పెదనాన్న, ఆయన స్నేహితులూ ఆడుతుంటే కాఫీలు అందిస్తూ, వెనక నిలబడి చూసి నేర్చుకుంది. “నీ ముక్కలవంక చూసుకుంటా కూర్చోకే. ఎదటిది ఏం ఏరుకుందో, ఏం పారేసిందో గుర్తు పెట్టుకో” అనేది నాతో.

సరిగ్గా ఇదే మాట సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడిచేశారు. ఆ కేసులో 1967 నవంబరులో తీర్పు వచ్చింది. పడిన ముక్కలు జ్ఞాపకం పెట్టుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడం నైపుణ్యమే కాబట్టి రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచే ఆట కాదంది కోర్టు. పందేల మీద క్లబ్బు లాభం తీస్తే అది వేరే సంగతి అని కూడా అంది.

తీర్పు న్యాయమైనదే. కానీ అది గుర్తించిన నైపుణ్యం క్లబ్బులో కూర్చున్న మగవాడిది. వరండా గుమ్మం దగ్గర గ్లాసులు పట్టుకుని నిలబడి అదే జ్ఞాపకశక్తిని సంపాదించుకున్న స్త్రీ ఏ రికార్డులోకీ రాలేదు. ఆమె రికార్డుకెక్కిన సందర్భం వేరు. పెదనాన్న క్లబ్బు బాకీల కింద రెండెకరాల మాగాణి అమ్మినప్పుడు, అది పుట్టింటివాళ్ళు ఇచ్చిన పొలం కనుక, కాగితాల మీద సంతకం పెద్దమ్మదే. ఆట ఆయనది, ఓటమి ఆమెది.

ఇప్పుడు వరండాలు పోయి ఫోన్లు వచ్చాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా పక్కనపెట్టి ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ నిషేధించింది. ఏళ్ళ తరబడి సాగిన ఈ వాదనలో నైపుణ్యం ఎంత అని కొలిచారు. ఓడిన సొమ్ము ఎవరిదని అడగడం మాత్రం అరుదు. ద్రౌపది అడిగింది కూడా దాదాపు ఇదే కదా, పందెం పెట్టడానికి అతనికి హక్కెక్కడిదని?

అందుకే పేకాటను చెడ్డ అలవాటని తీసిపారెయ్యడంతో నాకు తృప్తి లేదు. ఆ మధ్యాహ్నాలు ఆ ఆడవాళ్ళకు ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని రెండు గంటలు. గెలిచినా ఓడినా పోయేవి చింతపిక్కలే. మన స్త్రీల శ్రమ చరిత్రను, కన్నీళ్ళ చరిత్రను కొంతైనా రాసుకున్నాం. వాళ్ళ తీరిక చరిత్రను, తెలివిని సరదాగా ఖర్చుపెట్టుకున్న పూటల చరిత్రను ఇంకా రాయాల్సే ఉంది. పెద్దమ్మ ఇప్పటికీ ఆడుతుంది. పొలం సంగతి అడిగితే మాత్రం, “నా చేతికి ముక్కలిచ్చుంటే పోనిచ్చేదాన్నా?” అంటుంది.