నాగలి నుంచి కెమెరా దాకా: పనిముట్టు ఎవరిది?

చరిత్ర పుస్తకాల్లో మాదిగ, మాల ఆడోళ్లు కూలికి పోయే చేతులుగానే కనిపిస్తారు. పనిముట్టు పట్టిన చేతులుగా కనపడరు. విత్తనం దాచేది ఆమె, నాటేది ఆమె, కలుపు తీసేది ఆమె. నాగలి మాత్రం ముట్టొద్దు, డప్పు కొట్టొద్దు. నాగలి పోయి ట్రాక్టరొచ్చింది. కట్టుబాటు పోలేదు, పోయి స్టీరింగు మీద కూసున్నది.

2021 ఆగస్టు 16న హుజూరాబాద్ మండలం శాలపల్లిలో దళితబంధు మొదలైనప్పుడు ఈ ప్రశ్న మళ్లా మన ముందుకొచ్చింది. కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టే పని లేదు. దళితవాడల్లో ఇండ్ల ముందుకు బండ్లొచ్చినయి. బండి ఎవరి పేరున ఉన్నదో కాగితం చెప్తుంది. తోలుడు ఎవరికొచ్చు, చెడిపోతే విప్పి చూసేదెవరు అన్నది కాగితం చెప్పదు. యంత్రం ఇవ్వడం వేరు, దాని విద్య చేతికి రావడం వేరు.

ఈ తేడా తెలియాలంటే నాటి మెదక్ జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ పల్లెల చరిత్ర చూడాలి. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు 1990ల చివర వీడియో కెమెరా పట్టారు. బడి మొహం చూడనోళ్లు కూడా అందులో ఉన్నారు. కెమెరా భాషను వాళ్లు తమ బతుకులోంచి తీసుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. కిందినుంచి పైకి చూస్తే బానిస షాట్. కంటికి కన్ను సమానంగా చూస్తే సంఘం షాట్. దొర గద్దె మీద, మనం నేల మీద కూసున్న చరిత్రంతా ఈ మూడు మాటల్లో ఉన్నది. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చినంక, హుజూరాబాద్‌కు పక్కనే ఉన్న వరంగల్ చేన్లకు పోయి రైతుల నష్టాన్ని చిత్రించింది కూడా వీళ్లే.

రేడియో కథ మరింత ముఖ్యమైనది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 1998లో మాచ్‌నూర్‌లో స్టూడియో సిద్ధమైంది. రికార్డింగు, ఎడిటింగు ఆడోళ్లే నేర్చుకున్నారు. లైసెన్సు మాత్రం రాలేదు. కార్యక్రమాలను క్యాసెట్లకెక్కించి సంఘాల్లో వినిపించుకున్నారు. స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2006 విధానంతోనే వచ్చింది. సంఘం రేడియో గాలిలోకి వచ్చింది 2008 అక్టోబర్ 15న. అంటే పదేండ్లు! ‘ఆడోళ్లకు యంత్రం రాదు’ అన్న మాట ఎంత అబద్ధమో ఈ పదేండ్లే చెప్తాయి. రాలేనిది విద్య కాదు, హక్కు.

ఇందులో హుజూరాబాద్‌కు పాఠం ఉన్నది. అక్కడ యంత్రానికి ముందు సంఘం ఉన్నది, నేర్చుకునే టైమున్నది, ఏం చెప్పాలో తేల్చుకునే అధికారం ఆడోళ్ల చేతుల్లో ఉన్నది. ఈ మూడూ లేకుండా బండి ఇస్తే దానికి ఆమె పేరు మిగులుతుంది, తాళంచెవి ఇంకొకరి జేబులకు పోతుంది.

కాబట్టి మనం వాడలకు పోయినప్పుడు ఎన్ని బండ్లొచ్చినయని అడిగి ఊకోవద్దు. తాళంచెవి ఎవరి కొంగుకు ఉన్నదో కూడా అడగాలె. దళిత స్త్రీల చరిత్రను అక్కడినుంచి రాయాలె.