లినక్సునందు పరికరముల పొందిక – సుగమమైన తీరు

కంప్యూటరునకు ప్రింటరును తగిలించినంత మాత్రమున నది పనిచేయదు. రెంటికి నడుమ నొక దుబాసీ వలయును. దుబాసీవంటి యా చిన్న ప్రోగ్రామునే డ్రైవరందురు. దాని రహస్య మెవరి చేతిలో నుండవలె నన్న తగవే యీ చరిత్రకు మూలము.

1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలయందు రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రామరు, ప్రింటరులో కాగితము చిక్కుకొన్నపుడు ఆ వార్త యందఱికి తెలియునట్లు సవరింప దలచి, దాని ప్రోగ్రాము మూలపాఠము నడిగెను. అది లభింపలేదు. ఎల్లరు చదివి, మార్చి, పంచుకొనదగిన ఆపరేటింగ్ సిస్టమును నిర్మింపవలెనని ఆయన 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991లో ఫిన్‌లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ దానికి గుండెకాయ వంటి లినక్సు కెర్నెలును వెలువరించెను.

తొలినాళ్ళలో దానిని నెలకొల్పుట ఏకలవ్యుని విద్యవంటిది. మానిటరు తెరపై గీతలు గీయు వేగమును పుస్తకము చూచి అంకెలలో వ్రాయవలసి యుండెను. అంకె తప్పినచో కొన్ని మానిటర్లు చెడిపోవు భయము కూడ నుండెను. సౌండు కార్డు పలుకుటకు కొందఱు కెర్నెలునే మరల కూర్చుకొనవలసి వచ్చెడిది.

పిమ్మట మార్గము క్రమముగా చదునయ్యెను. 1999లో కప్స్ అను వ్యవస్థ ముద్రణ నొక త్రోవకు దెచ్చెను. 2000లో జర్మనీవాసి క్లాస్ క్నాపర్ సిద్ధపఱచిన క్నాపిక్స్ సీడీ, కంప్యూటరులో నుంచినంతనే పరికరములను తానే గుర్తించి, స్థాపన లేకయే నడచెను. 2003లో వచ్చిన యుదెవ్ క్రొత్తగా తగిలించిన పరికరమును వెంటనే పోల్చుకొనెను. 2004లో ఉబుంటు ఈ సౌకర్యమును సామాన్యుల ముంగిటికి దెచ్చెను. నేటి ప్రింటర్లు పెక్కింటికి ప్రత్యేకమైన డ్రైవరే యక్కఱలేదు.

ఇది యింద్రజాలము కాదు. ఒకడు పడిన పాటు మూలపాఠ రూపమున కెర్నెలులో చేరి నిలిచెను. మఱియొకడు మొదటినుండి పాటుపడ నవసరము లేకపోయెను. నన్నయ యారంభించిన భారతమును తిక్కన, ఎఱ్ఱన పూరింపగలిగి రనిన, పూర్వుని రచన వారి కన్నులయెదుట నుండుటచేతనే గదా!

అయినను తగవు తీరలేదు. పెక్కు వైఫై, గ్రాఫిక్సు పరికరముల లోపల నుండు ఫర్మ్‌వేరు అను ప్రోగ్రాము మూలపాఠమును తయారీదారులు నేటికిని వెల్లడింపరు. స్వేచ్ఛానియమమునకు పేరెన్నికగన్న డెబియన్ సంఘము 2022లో ఓట్లు వేసుకొని, అట్టి ఫర్మ్‌వేరును కూడ స్థాపన సామగ్రిలో చేర్ప నంగీకరించెను. 2023 నాటి 12వ కూర్పున నది యమలయ్యెను. లేనిచో వైఫై పనిచేయక క్రొత్తవారు గుమ్మముకడనే యాగిపోవుదురు. కావున నా నిర్ణయమును తప్పుపట్టజాలను. కాని లెక్కలు వ్రాయువానిగా ఆ పద్దును జమక్రింద వ్రాయను, బాకీక్రిందనే వ్రాయుదును. సౌఖ్యము దొరకినదని మూలపాఠము నడుగుట మానినచో ఆ బాకీ యెన్నటికిని తీరదు.

తెఱచిన గ్రంథము నలుగురికి నుపకరించునని నమ్మియే పెద్దలు గ్రంథాలయములు నిలిపిరి. మన యువకులు కంప్యూటరు ముందు సుఖముగా కూర్చుండునపుడు, ఆ సుఖమునకై శ్రమించినవారిని తలచుకొని, తామెఱిగినది వ్రాసి పదిమంది కందింతురు గాక!