ముందు తనిఖీ, తర్వాతే చెల్లింపు



మన పిల్లలు, మనవలు ఈమధ్య పాత జీపుల మీద మోజు పడుతున్నారు. "యుద్ధం నాటి అసలు విల్లీస్ జీపు, బేరం కుదిరింది నాన్నగారూ" అని అడిగితే, కమ్యుటేషన్ సొమ్ము తీసి ఇచ్చే తండ్రులు మనలో లేకపోలేదు. అందుకే ఆ బండి చరిత్ర నాలుగు మాటల్లో రాస్తున్నాను.

రెండవ ప్రపంచ యుద్ధంలో, 1941 నుండి 1945 వరకు, విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. బర్మా యుద్ధరంగం కారణంగా మన దేశానికీ ఎన్నో వచ్చాయి. యుద్ధం ముగిశాక మిగులు సామగ్రి కింద అమ్ముడుపోయాయి. తర్వాత మహీంద్రా వారు ఆ జాతి జీపులనే బొంబాయిలో బిగించసాగారు. కనుక పాత జీపులన్నీ యుద్ధం జీపులు కావు.

పాత జీపుల బేరంలో మన ప్రభుత్వమే ఒకసారి దెబ్బతిన్నది. 1948లో కాశ్మీరు పోరాటం నడుస్తుండగా, లండన్‌లో మన హైకమిషనరు వి.కె. కృష్ణమేనన్ సైన్యం కోసం బాగుచేసిన పాత జీపులకు ఒక విదేశీ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. సొమ్ములో చాలా భాగం ముందే చెల్లించారు. వచ్చినవి 155 జీపులు. అవి వాడకానికి పనికిరావని తేలింది. పార్లమెంటులో పెద్ద దుమారం రేగింది. మన తిరుచానూరు వారైన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన విచారణ సంఘం పనిచేసింది. చివరకు 1955 సెప్టెంబరు 30న ప్రభుత్వం ఆ వ్యవహారం ముగిసిందని ప్రకటించింది. మేనన్‌ను ఏ కోర్టూ దోషి అనలేదు. వ్యక్తుల సంగతి అలా ఉంచితే, తనిఖీకి ముందే చెల్లింపు జరగడం అసలు లోపం.

నేను సర్వీసులో చాలా ఏళ్లు బిల్లుల సెక్షన్లో ఉన్నాను. "సరుకు మంచి స్థితిలో అందినది, స్టాకు రిజిస్టరులో నమోదైనది" అన్న సర్టిఫికెట్ లేనిదే బిల్లు కదిలేది కాదు. జీపుకూ అదే సూత్రం.

యుద్ధం జీపుకు స్టీరింగు ఎడమవైపు ఉండేది. తర్వాత మార్పించినవీ ఉన్నాయి. ముందు జాలీకి తొమ్మిది చీలికలుంటే యుద్ధకాలపుది, ఏడుంటే తర్వాతి పౌర జీపు. రేడియేటరు ముందు ఛాసిస్ అడ్డకమ్మీ గుండ్రని గొట్టమైతే విల్లీస్, తిరగేసిన యూ ఆకారమైతే ఫోర్డ్. ఫోర్డ్ బోల్టుల మీద 'ఎఫ్' అక్షరం ఉంటుంది. బాడీ రేకు కొత్తది వేయించవచ్చు. అందుచేత రంగు చూసి మురిసిపోక, బండి కిందికి వంగి ఛాసిస్‌కు తుప్పు, అతుకులు ఉన్నాయేమో చూడాలి.

ఆపైన కాగితాలు. ఛాసిస్, ఇంజను నంబర్లు ఆర్.సి.తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. పెట్రోలు ఇంజను తీసి డీజిల్ది పెట్టి ఉంటే, ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కిందా అని అడగాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని 20,000 రూపాయల రుసుముతో వింటేజ్ కింద రిజిస్టరు చేయించవచ్చు. అయితే ఛాసిస్, ఇంజను మారి ఉండకూడదు. రోజువారీ వాడకానికి, కిరాయికి తిప్పకూడదు. పొలానికీ బజారుకీ తిరగాలనుకునేవారు ఇది గమనించాలి.

ఛాసిస్ గట్టిగా ఉండి, కాగితాలు సరిగా ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువైనా కొనవచ్చు. నంబర్లు కలవని బండి ఎంత చౌకగా వచ్చినా వద్దు. తెలిసిన మెకానిక్ చూసి సరేననేదాకా బయానా కూడా ఇవ్వకండి.