ప్రోటీన్లు: పరిశోధన చరిత్ర

ప్రోటీన్లు (మాంసకృత్తులు) జీవకణాల నిర్మాణంలోనూ, వాటిలోని రసాయన చర్యల్లోనూ ప్రధాన పాత్ర వహించే పెద్ద అణువులు. సాధారణంగా 20 రకాల అమైనో ఆమ్లాలు గొలుసుగా కూడి ఇవి ఏర్పడతాయి. వీటిలో ఏ మూలకాలున్నాయన్న ప్రశ్నతో మొదలైన పరిశోధన, అమైనో ఆమ్లాల వరుస మీదుగా, గొలుసు ముడుచుకునే తీరు దాకా సాగింది.

తొలి విశ్లేషణలు

ఫ్రాన్స్‌లో ఆన్రీ బ్రాకనో 1820లో జిలాటిన్‌ను ఆమ్లంతో మరిగించి గ్లైసిన్‌ను వేరుచేశాడు. డచ్చి శాస్త్రవేత్త గెరార్డస్ ముల్డర్ గుడ్డు తెల్లసొన, రక్తంలోని ఫైబ్రిన్ మొదలైనవాటిని విశ్లేషించాడు. వాటన్నిటిలో కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్ దాదాపు ఒకే పాళ్లలో కనిపించడంతో మూలపదార్థం ఒక్కటేనని భావించి, 1838లో రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ సూచించిన ‘ప్రోటీన్’ పేరుతో వ్యవహరించాడు. తర్వాతి విశ్లేషణలు ఈ ఊహను తోసిపుచ్చినా పేరు స్థిరపడింది.

గొలుసు, వరుస

అమైనో ఆమ్లాలు పెప్టైడ్ బంధాలతో కలుస్తాయని 1902లో ఫ్రాంజ్ హోఫ్‌మైస్టర్, ఎమిల్ ఫిషర్ ఒకే సభలో విడివిడిగా ప్రతిపాదించారు. అయినా ప్రోటీన్లు చిన్న అణువుల గుంపులేనన్న వాదం చాలాకాలం సాగింది. 1926లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్ జాక్ బీన్ గింజల నుంచి యూరియేజ్‌ను స్ఫటికాలుగా రాబట్టి, ఎంజైము ప్రోటీనేనని చూపాడు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ శాంగర్ 1955 నాటికి ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లాల వరుసను పూర్తిగా నిర్ధారించాడు. ప్రోటీన్‌కు నిర్దిష్టమైన వరుస ఉంటుందని దీంతో రుజువైంది.

ఆకృతి

లైనస్ పౌలింగ్ బృందం 1951లో గొలుసు సర్పిలంగా చుట్టుకునే ఆల్ఫా హెలిక్స్‌ను ప్రతిపాదించింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో కొల్లాజెన్‌కు మూడు పేటల నిర్మాణాన్ని సూచించారు. గొలుసు ఏయే కోణాల్లో మెలితిరగగలదో తెలిపే రామచంద్రన్ పటం 1963లో వెలువడింది. కొత్త నిర్మాణాల నాణ్యతను నేటికీ దానితో సరిచూస్తారు. 1958లో జాన్ కెండ్రూ బృందం ఎక్స్‌రేల సాయంతో మయోగ్లోబిన్ ఆకృతిని తొలిసారి చూపింది. విప్పిన రైబోన్యూక్లియేజ్ గొలుసు తనంతట తానే మళ్లీ ముడుచుకుంటుందని క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ నిరూపించడంతో, ఆకృతికి కావలసిన సమాచారం వరుసలోనే ఉందని తేలింది.

ఆ సమాచారాన్ని చదివి ఆకృతిని ఊహించే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ 2020లో గొప్ప కచ్చితత్వం సాధించింది. దాని రూపకర్తలు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, కొత్త ప్రోటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు 2024 రసాయనశాస్త్ర నోబెల్ లభించింది. అయితే ఈ ప్రోగ్రామ్ చెప్పేది తుది ఆకృతినే. గొలుసు ఏ దశలు దాటి అక్కడికి చేరుతుందన్నది వేరే పరిశోధనాంశం.