అయిదో ఊరికి బయల్దేరిన ఏనుగు

తెల్ల ఏనుగును మేపడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1902లో ఫిలడెల్ఫియా బేస్‌బాల్ జట్టు అథ్లెటిక్స్‌ను ప్రత్యర్థి జట్టు మేనేజర్ జాన్ మెక్‌గ్రా ఆ మాటతోనే ఎద్దేవా చేశాడు. జట్టు మేనేజర్ కోనీ మాక్ ఉడుక్కోలేదు. ఆ ఏనుగునే జట్టు గుర్తుగా పెట్టుకుని, ఆ ఏడాదే లీగ్ గెలిచి చూపించాడు.

1901 నుంచి 1950 దాకా, సూటూ బూటూ వేసుకుని బెంచీ మీద కూర్చునే మాక్ జట్టును నడిపాడు. అయిదు వరల్డ్ సిరీస్‌లు తెచ్చాడు. అయితే చేతిలో డబ్బు ఆడనప్పుడల్లా మేటి ఆటగాళ్లను అమ్మేసేవాడు. విత్తనాల గింజలు అమ్ముకున్న రైతుకు మరుసటి ఏడు పంటేది? జనం అదే ఊరి మరో జట్టు ఫిల్లీస్ వైపు మళ్లారు. ఇంటి గొడవల మధ్య 1954లో మాక్ కుటుంబం జట్టును ఆర్నాల్డ్ జాన్సన్‌కు అమ్మేసింది. 1955లో మకాం కాన్సాస్ సిటీకి మారింది.

అక్కడ 13 ఏళ్లలో ఒక్క ఏడూ ఓటముల కంటే గెలుపులు ఎక్కువ లేవు. న్యూయార్క్ జట్టు యాంకీస్ ఆడే యాంకీ స్టేడియం కొంతకాలం జాన్సన్ చేతిలోనే ఉండేది. ఇక్కడ రాణించినవాళ్లు వరసగా యాంకీస్‌కు వెళ్తుంటే ఊరివాళ్లు అనుమానించారంటే తప్పుపట్టలేం. అలా వెళ్లిన రోజర్ మారిస్ 1961లో 61 హోమ్ రన్లు కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటాడు.

తర్వాతి యజమాని చార్లీ ఫిన్లీ ఇన్సూరెన్స్ వ్యాపారి, వింత మనిషి. ఏనుగును పక్కనపెట్టి తన పేరే పెట్టిన కంచర గాడిదను మైదానంలో తిప్పాడు. 1968లో జట్టును ఓక్లాండ్‌కు తరలించాడు. 1972లో మీసాలు పెంచిన ఆటగాడికి 300 డాలర్ల చొప్పున ఇచ్చాడు. మీసాల మహిమో ఏమో, ఆ ఏడాది మొదలుపెట్టి వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచారు! ఏనుగు మాత్రం 1988లో గానీ జెర్సీ మీదికి తిరిగి రాలేదు.

కొత్త స్టేడియం బేరాలు దశాబ్దాలు సాగాయి. ఒక దశలో మన తెలుగువాళ్లు బాగా స్థిరపడిన ఫ్రీమాంట్ పేరూ వినిపించింది. ఏదీ తెగలేదు. జట్టు లాస్ వేగస్ వైపు చూడటంతో 2023 జూన్ 13న అభిమానులు విచిత్రమైన నిరసన చేశారు. మ్యాచ్‌ను బహిష్కరించకుండా, 27,759 మంది టికెట్లు కొనుక్కుని మరీ వచ్చి, జట్టును అమ్మెయ్యమని యజమాని జాన్ ఫిషర్‌కు వినపడేలా అరిచారు. ఫిషర్ అమ్మలేదు. 2024 సెప్టెంబర్ 26న ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్‌కు 46,889 మంది వచ్చారు. జట్టు 3-2తో గెలిచింది.

2028లో వేగస్ స్టేడియం సిద్ధమవుతుందని లెక్క. అందాకా, 2025 నుంచి, వెస్ట్ శాక్రమెంటోలో ఒక చిన్న లీగ్ జట్టు మైదానంలో తలదాచుకుంటున్నారు. పేరుకు ముందు ఏ ఊరూ లేదు, వట్టి అథ్లెటిక్స్. జెర్సీకి ఒక చేతి మీద శాక్రమెంటో వంతెన, రెండో చేతి మీద లాస్ వేగస్.